ఓడ దిగి ఉపగ్రహాల వైపు వెళ్లాలనుకునే యువ అధికారికి

ప్రశ్న: నమస్కారమండి. మాది విజయనగరం జిల్లా గజపతినగరం దగ్గర ఒక పల్లె. కోరుకొండ సైనిక పాఠశాలలో చదువుకుని, ఎళిమల నేవల్ అకాడమీలో బి.టెక్. పూర్తి చేసి, నౌకాదళం ఎలక్ట్రికల్ శాఖలో లెఫ్టినెంటుగా పనిచేస్తున్నాను. ఓడ ఎక్కి ఏడాది దాటింది. బెంగళూరులో త్రివిధ దళాలకూ కలిపి ఉన్న డిఫెన్స్ స్పేస్ ఏజెన్సీకి వెళ్లి, సైనిక ఉపగ్రహాల పనిలోనే స్థిరపడాలని నా కోరిక. సముద్రానికి దూరమైతే పదోన్నతి దెబ్బతింటుందని సీనియర్లు అంటున్నారు. నౌకాదళంలోనే ఇంజను గదిలో నావికుడిగా పనిచేసి రిటైరైన మా నాన్నగారు "ఓడ దిగిపోయి ఆపీసులో కూకుంటే అది నేవీ ఏటి?" అంటున్నారు. నాకు సంబంధాలు చూస్తున్న అమ్మకు మాత్రం నేను నేల మీద ఉంటే చాలు. ఇవేవీ కాదు, రాజీనామా చేసి హైదరాబాదులో ఏదైనా అంతరిక్ష కంపెనీలో చేరిపొమ్మని బాబాయి సలహా. ఏది సరైన దారో చెప్పగలరు. (పేరు ప్రచురించవద్దు.)

సమాధానం: ముందుగా ఒక చిన్న మాట. మీరు పేరు వద్దన్నారు గాని, ఉత్తరంలో మీ ఓడ పేరు, అది రేవుకు వచ్చే నెల, అందులోని ఒక పరికరం సంగతి రాశారు. వాటిని నేను తీసివేశాను. మీరు వెళ్లాలనుకుంటున్న రంగంలో సగం పని, ఇలాంటి చిన్నచిన్న వివరాలను నాలుగు చోట్ల నుంచి ఏరి ఒకచోట చేర్చడమే. అవతలివాళ్లు చేసేదీ అదే పని కనుక, ఇకమీదట నాలాంటి కాలమ్ రాసేవాడికైనా, వాట్సాప్‌లో బంధువులకైనా వాటిని రాయకండి.

ఇక విషయానికి వస్తే, మీరు అంతరిక్ష విభాగానికి వెళ్లడం మంచిదే, అయితే ఇప్పుడే వెళ్లకండి; వెళ్లినా అక్కడే స్థిరపడిపోవాలని వెళ్లకండి. ఓడ మీది ఈ విడతను పూర్తి చేసి, పై చదువు చదివి, అప్పుడు బెంగళూరు వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ ఓడకు వచ్చి, తరువాత పెద్ద హోదాలో తిరిగి ఆ పనికే వెళ్లే ఏర్పాటు చేసుకోవాలన్నది నా సలహా. ఇలా ఎందుకంటున్నానో చెప్పాలంటే నౌకాదళానికీ అంతరిక్షానికీ ఉన్న సంబంధం కొంత వివరించాలి. మీ నాన్నగారి అభ్యంతరానికి జవాబు కూడా అందులోనే ఉంది కనుక దీనిని ఆయనకు చదివి వినిపించండి.

ఉపగ్రహాలు వైమానిక దళం వారి సొత్తు అని చాలామంది అనుకుంటారు గాని, వాటిని మొదట గట్టిగా కోరుకున్నది సముద్రం మీద ఉన్నవాళ్లే. 1957 అక్టోబరులో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించినప్పుడు, అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయపు అప్లయిడ్ ఫిజిక్స్ ప్రయోగశాలలో విలియం గైయర్, జార్జ్ వైఫెన్‌బాక్ అనే ఇద్దరు యువ శాస్త్రవేత్తలు దాని రేడియో సంకేతాన్ని విని, దగ్గరికి వచ్చేటప్పుడూ దూరమయ్యేటప్పుడూ ఆ సంకేతపు ఫ్రీక్వెన్సీ మారే తీరును బట్టి ఉపగ్రహం ఏ కక్ష్యలో తిరుగుతోందో లెక్కగట్టారు. మనం ఉన్న చోటు తెలిసి ఉపగ్రహం జాడ కనిపెట్టగలిగినప్పుడు, ఉపగ్రహం జాడ తెలిసి మనం ఉన్న చోటు కనిపెట్టలేమా అని వారి పై అధికారి ఫ్రాంక్ మెక్‌క్లూర్ ఆ లెక్కను తిరగవేశాడు. పోలారిస్ క్షిపణులు మోసే జలాంతర్గాములకు సముద్రం మధ్యలో తామెక్కడున్నదీ కచ్చితంగా తెలియకపోతే ఆ క్షిపణులు గురి తప్పుతాయి గనుక, అమెరికా నౌకాదళం ఆ ఆలోచనను వెంటనే అందుకుంది. అలా పుట్టిన ట్రాన్సిట్ ఉపగ్రహాల వ్యవస్థ 1964 నుంచి పనిచేసి, జీపీఎస్ స్థిరపడ్డాక 1996లో గాని ఆగలేదు. 1958 మార్చిలో ఎగిరి ఈనాటికీ కక్ష్యలో తిరుగుతున్న వాన్‌గార్డ్-1 కూడా అమెరికా నౌకాదళ పరిశోధనశాల తయారుచేసినదే.

నౌకాదళానికే ఆ అవసరం ఎందుకు ముందుగా వచ్చిందంటే, భూమి గుండ్రంగా ఉన్నందువల్ల. ఓడ స్తంభం మీద 30 మీటర్ల ఎత్తు నుంచి చూస్తే సముద్రం సుమారు 20 కిలోమీటర్ల దాకా కనిపిస్తుంది. రాడారు తరంగం కొద్దిగా వంగుతుంది కనుక దానికి మరో రెండు మూడు కిలోమీటర్లు ఎక్కువ అందుతాయి. ఆ దిగంతానికి బాగా అవతల ఉన్న ఓడ మీకు కనపడదు, మామూలు రేడియోకు దొరకదు. అదే 500 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహానికి 2,500 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో దిగంతం ఉంటుంది. నేను నౌకాదళంలో కమ్యూనికేషన్ విభాగంలో పనిచేసిన రోజుల్లో దూరపు మాటకు హెచ్.ఎఫ్. రేడియోయే దిక్కు. ఆకాశంలోని అయనావరణం మీద పడి తిరిగి వచ్చే ఆ తరంగానికి పగలు ఒక ఫ్రీక్వెన్సీ పనికివస్తే రాత్రికి మరొకటి వెతుక్కోవాలి. సూర్యుడి మీద అలజడి రేగితే ఏదీ పనికిరాదు. పైగా మనం నోరు తెరిచిన మరుక్షణం ఆ తరంగం వచ్చిన దిక్కును పట్టి అవతలివాడు మన చోటు కనిపెట్టగలడు. మీ నాన్నగారు ఇంజను గదిలో ఉన్నా, పైన సిగ్నల్ వాళ్ల అవస్థ ఆయనకు తెలియనిది కాదు.

2013 ఆగస్టు 30న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఎగిరిన జీశాట్-7తో మనకు ఆ అవస్థ చాలావరకు తీరింది. నౌకాదళం రుక్మిణి అని పిలుచుకునే ఈ ఉపగ్రహం భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, 74 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, హిందూ మహాసముద్రాన్ని చూస్తూ నిలిచింది. మరుసటి ఏడాది బంగాళాఖాతంలో జరిగిన ట్రోపెక్స్ అనే నౌకాదళ విన్యాసాల్లో సుమారు 60 ఓడలను, 75 విమానాలను అది ఒక్క వలలో కలిపింది. 2025 నవంబరు 2న శ్రీహరికోట నుంచి ఎల్.వి.ఎం.-3 రాకెట్ మోసుకెళ్లిన సి.ఎం.ఎస్.-03 బరువు 4,410 కిలోలు. అదీ ప్రధానంగా నౌకాదళం కోసమే. రాకెట్ ఎగిరినప్పుడు టీవీలో చూసి అందరూ చప్పట్లు కొడతారు. ఆ తరువాత ఏళ్ల తరబడి, ఏ ఓడకు ఏ సమయంలో ఎంత బ్యాండ్‌విడ్త్ ఇవ్వాలి, తుపానులో సహాయానికి వెళ్లిన ఓడ అదనంగా అడిగితే ఎవరి వాటా తగ్గించాలి, ఎవరైనా సంకేతానికి అడ్డు తగులుతుంటే అది పొరపాటా, కావాలని చేస్తున్న జామింగా అని తేల్చేవాళ్లు ఎవరికీ కనిపించరు. చెరువు కింద ఆయకట్టుకు వంతులు వేసి నీరు వదిలే పనికీ దీనికీ పెద్ద తేడా లేదు: ఎవరి పొలం ఎప్పుడు ఎండుతుందో తెలిసినవాడే వంతులు సరిగా వేయగలడు.

నిఘా పనిలో ఈ సంగతి మరింత బాగా తెలుస్తుంది. ఉపగ్రహం ఒక ఓడ బొమ్మ తీసింది అనుకుందాం. ఆ ఓడ 20 నాట్ల వేగంతో, అంటే గంటకు 37 కిలోమీటర్ల వేగంతో పోగలిగినదైతే, బొమ్మ మీ చేతికి గంట ఆలస్యంగా వస్తే ఆ ఓడ 37 కిలోమీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలో ఎక్కడైనా ఉండవచ్చు; అంటే సుమారు 4,300 చదరపు కిలోమీటర్లు వెతకాలి. ఆరు గంటలు ఆలస్యమైతే ఆ వ్యాసార్ధం 222 కిలోమీటర్లవుతుంది, విస్తీర్ణం 36 రెట్లవుతుంది. భవనాలను, విమానాశ్రయాలను, రోడ్లను చూడడానికి అలవాటు పడిన నిపుణుడికి నిన్నటి బొమ్మ కూడా బొమ్మే; సముద్రం మీద నిన్నటి బొమ్మ చరిత్ర. ఏ బొమ్మ కోసం ఎంతసేపు ఆగవచ్చు, ఆ ఓడ కెప్టెన్ ఈ గాలిలో ఈ అలల్లో ఎటు తిప్పి ఉంటాడు, మేఘాలున్న ఋతువులో మామూలు కెమెరా బదులు రాడారు ఉపగ్రహాన్ని అడగాలా అనే ప్రశ్నలకు జవాబు పుస్తకంలో దొరకదు. రాత్రి కాపలాలో డెక్కు మీద నిలబడినవాడికి తోస్తుంది.

ఇందులో రెండో వైపు కూడా ఉంది. మనం చూసినట్టే మనల్నీ చూస్తారు. సోవియట్ యూనియన్ ఒకప్పుడు అమెరికా ఓడలను వెంటాడడానికి అణు రియాక్టరుతో నడిచే రాడారు ఉపగ్రహాలను ఎగరేసేది. వాటిలో ఒకటైన కాస్మోస్-954 అదుపు తప్పి 1978 జనవరిలో కెనడా మీద పడి, రేడియోధార్మిక శకలాలను వెదజల్లింది. అమెరికా నౌకాదళం అంతకు చాలా ముందే, 1961 నుంచే, తన నేల మీద ఒక రేడియో కంచె కట్టి, ఏ ఉపగ్రహం ఎప్పుడు ఎటు పోతున్నదో కనిపెట్టి లెక్క ఉంచేది. ఆ లెక్క చేతిలో ఉంటే, తమ మీదుగా కన్ను వెళ్లే ఆ కొద్ది నిమిషాలూ రాడారు ఆపాలో, దారి మార్చాలో ఓడలు నిర్ణయించుకోగలవు. 2008 ఫిబ్రవరిలో పసిఫిక్ మహాసముద్రంలో యూఎస్ఎస్ లేక్ ఈరీ అనే యుద్ధనౌక, సుమారు 247 కిలోమీటర్ల ఎత్తులో పాడైపోయి పడిపోతున్న తమ దేశపు ఉపగ్రహాన్నే క్షిపణితో కొట్టింది. ఉపగ్రహాన్ని క్షిపణితో కొట్టిన మన మిషన్ శక్తి పరీక్ష 2019 మార్చి 27న నేల మీది నుంచి జరిగింది గాని, ఉపగ్రహాన్ని ఓడ మీది నుంచి కూడా కొట్టవచ్చునని అంతకు 11 ఏళ్ల ముందే తేలిపోయింది. మనకూ విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో కట్టిన ఐఎన్ఎస్ ధ్రువ్ ఉంది. 2021 సెప్టెంబరులో దళంలో చేరిన ఆ ఓడ పనే దూరపు క్షిపణులను, ఆకాశంలో పోయేవాటిని పెద్ద పెద్ద రాడార్లతో వెంటాడడం. ఓడ, అంతరిక్షం రెండు వేర్వేరు ఉద్యోగాలు అనుకునే మీ నాన్నగారికి ధ్రువ్ బొమ్మ ఒకటి చూపించండి.

ఇంత చెప్పింది ఎందుకంటే, మీరు బెంగళూరు వెళ్లాక మీ పక్క కుర్చీల్లో ఉండేవాళ్ల గురించి ఆలోచించండి. డిఫెన్స్ స్పేస్ ఏజెన్సీ 2019లో ఏర్పడిన త్రివిధ దళాల సంస్థ. అక్కడ వైమానిక దళం నుంచి వచ్చినవారుంటారు, పదాతి దళం నుంచి, సిగ్నల్స్ నుంచి వచ్చినవారుంటారు. ఇస్రో, డీఆర్‌డీవో శాస్త్రవేత్తలతో రోజూ పని ఉంటుంది. కక్ష్యల గణితంలోనో, యాంటెన్నా రూపకల్పనలోనో మీరు ఒక ఇస్రో ఇంజనీరును మించిపోలేరు, మించనవసరమూ లేదు. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవారిలో ఓడకు ఏం కావాలో చెప్పగలిగినవారు ఒకరిద్దరే ఉంటారు. ఏడాదిన్నర సముద్రం చూసి వెళ్లిన లెఫ్టినెంటు మాటకు అక్కడ ఎంత బరువుంటుందో మీరే ఊహించుకోండి. ఒక ఓడకు ఎలక్ట్రికల్ ఆఫీసరుగా బాధ్యత వహించి, నడి సముద్రంలో ఉపగ్రహంతో మాట్లాడే శాట్‌కామ్ యాంటెన్నా మొరాయించినప్పుడు కెప్టెన్‌కు జవాబు చెప్పుకున్న అనుభవం ఉన్నవాడైతే, ఆ మాటను ఎవరూ తోసిపుచ్చరు. ఆ అనుభవం కూడా నిలవ ఉంటే పాతబడుతుంది. నాలుగైదేళ్లు ఒడ్డున ఉంటే ఓడల్లో పరికరాలు మారిపోతాయి, కుర్రవాళ్ల అలవాట్లు మారిపోతాయి. మళ్లీ ఓడకు రమ్మని అనడం అందుకే.

మీ సీనియర్లు చెప్పిన పదోన్నతి సంగతిలో నిజం ఉంది, దానిని దాచి లాభం లేదు. లెఫ్టినెంట్ కమాండర్, కమాండర్ హోదాలు 6, 13 ఏళ్ల సర్వీసుకు కాలక్రమంలో వస్తాయి. కెప్టెన్ హోదా మాత్రం బోర్డు ఎంపిక చేయాలి. ఆ బోర్డు ముందు, సముద్రం మీద కీలకమైన విడతలు లేని అధికారి కాగితం ఎంత మెరిసినా పలచగానే కనిపిస్తుంది. మన నౌకాదళంలో అంతరిక్ష శాఖ అని విడిగా నియామకం లేదు. ఎలక్ట్రికల్ అధికారి ఎలక్ట్రికల్ అధికారిగానే పోటీపడాలి. కాబట్టి ఈ ఓడలో మీ విడత పూర్తి చేయండి. తరువాత నౌకాదళం పంపే ఎం.టెక్. కోసం కష్టపడండి; కమ్యూనికేషన్, రాడారు, సిగ్నల్ ప్రాసెసింగ్ వంటి అంశం ఎంచుకోండి. లెఫ్టినెంట్ కమాండరుగా బెంగళూరు ఒక విడత, ఆ వెంటనే ఓడలో బాధ్యత గల ఒక విడత, ఆపైన కమాండరుగా మళ్లీ అంతరిక్షం. ఇది నా లెక్క; దళం అవసరాన్ని బట్టి ముందు వెనకలవుతుంది. మనం అడిగిన వరుసలోనే పోస్టింగులు రావని మీకు ఈపాటికే తెలిసే ఉంటుంది.

అంతవరకు చదువు ఆపకండి. డెహ్రాడూన్‌లోని ఇస్రో సంస్థ ఐ.ఐ.ఆర్.ఎస్. దూర సంవేదన మీద ఉచితంగా ఆన్‌లైన్ పాఠాలు నడుపుతుంది; ఐ.ఐ.టి.ల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్.పి.టి.ఇ.ఎల్.లో కక్ష్యల గణితం, ఉపగ్రహ సమాచార వ్యవస్థల పాఠాలు ఉన్నాయి. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష రాకపోతే నేర్చుకోండి. సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు, బహిరంగంగా దొరికే కక్ష్యా వివరాలు తీసుకుని, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీ ఊరి మీదుగా ఏ సాయంత్రం ఎన్ని గంటలకు, ఏ దిక్కున లేచి ఏ దిక్కున మునుగుతుందో మీరే లెక్కగట్టి, బయటికి వచ్చి చూడండి. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటన్నరకు ఒక చుట్టు తిరిగే ఆ చుక్క కళ్లద్దాలు పెట్టుకున్న నాబోటివాడికి కూడా కనిపిస్తుంది. లెక్క అర నిమిషం తప్పితే ఎందుకు తప్పిందో వెతకండి. ఏ పాఠమూ నేర్పనంత అది నేర్పుతుంది. సూర్యుడు, చుక్కల ఎత్తు కొలిచి ఓడ చోటు కనిపెట్టే సెక్స్టెంట్ పట్టడం చాదస్తమని మీ తోటివారు అనుకోవచ్చు గాని, జీపీఎస్‌ను మూసివేసే, మోసగించే పరికరాలు ఇప్పుడు ప్రతి యుద్ధంలోనూ కనిపిస్తున్నాయి కనుక దానిని కూడా వదలకండి.

వ్యోమగామి అయ్యే అవకాశం ఉందా అని చివర్న ఒక వాక్యం రాశారు. అలాన్ షెపర్డ్, సునీతా విలియమ్స్ అమెరికా నౌకాదళం వారే గాని, వారిద్దరూ పైలట్లు. మన గగన్‌యాన్‌కు ఎంపికైన నలుగురూ వైమానిక దళ టెస్ట్ పైలట్లు. ఆ ఆశను పక్కన పెట్టండి. వారు తిరిగి వచ్చి సముద్రంలో దిగినప్పుడు పట్టుకొచ్చేది మాత్రం నౌకాదళమే. 2023 అక్టోబరు 21 నాటి పరీక్షలో బంగాళాఖాతంలో పడిన క్రూ మాడ్యూల్‌ను, అంటే వ్యోమగాములు కూర్చునే గదిని, తెచ్చింది మనవాళ్లే. 2024 డిసెంబరులో విశాఖ తీరానికి దూరంగా, క్రూ మాడ్యూల్‌ను ఓడ కడుపులోకి నీటితో సహా లాగే అభ్యాసం కూడా తూర్పు నౌకాదళమే ఇస్రోతో కలిసి చేసింది.

మీ బాబాయిగారి సలహా చెడ్డదేమీ కాదు, తొందరపాటుది. హైదరాబాదులో స్కైరూట్, ధ్రువ స్పేస్ వంటి సంస్థలు నిజంగానే పని చేసి చూపించాయి. 2022 నవంబరులో ఒకరి రాకెట్, మరొకరి బుల్లి ఉపగ్రహాలు శ్రీహరికోట నుంచి ఎగిరాయి. అయితే శాశ్వత కమిషన్‌లో ఉన్న అధికారి రాజీనామా ఇచ్చినంత మాత్రాన వదిలిపెట్టరు. దళం చదివించిన చదువుకు తగినన్ని ఏళ్లు పనిచేయాలి. నిఘా కోసం 52 ఉపగ్రహాల పథకానికి కేంద్రం 2024 అక్టోబరులో ఆమోదం తెలిపింది, అందులో 31 ప్రైవేటు సంస్థలు కట్టవలసినవి. అంటే ఆ కంపెనీలకు సైనిక అవసరం తెలిసినవాడు ఇప్పటికంటే పదేళ్ల తరువాత ఎక్కువగా కావాలి. 20 ఏళ్ల సర్వీసు నిండి పింఛను చేతికి వచ్చాక ఆ తలుపు తట్టవచ్చు. ఈ వయసులో మీరు వెళితే వందల మంది బి.టెక్.లలో మరొకరవుతారు.

నాన్నగారితో వాదించకండి. ఈ పని మన ఊళ్లకు ఎందుకు కావాలో ఆయనకు రెండు సంగతులు చెప్పండి చాలు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి నేలమట్టమైంది గాని, తుపాను వస్తున్నదని ముందే తెలిసి తీరంలో జనాన్ని కదిలించగలిగింది పైన ఉన్న ఉపగ్రహాల చలవతోనే. అదే ఏడాది చివర్లో గుజరాత్ వెరావల్ నుంచి వేటకు వెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు సముద్రపు సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకుంటే, వారు 2020 జనవరిలో గాని ఇళ్లకు చేరలేదు. నీటి మీద గీత కనపడదు. తానెక్కడున్నదీ చెప్పే పరికరం పడవలో ఉండాలి, దానికి సంకేతం పంపే ఉపగ్రహం పైన ఉండాలి. ఆ ఉపగ్రహాలను కాపాడే పనిని ఆఫీసులో కూర్చోవడం అని నావికుడిగా బతికిన మనిషి అనలేరని నా నమ్మకం. అమ్మగారికి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి: బెంగళూరు పోస్టింగు ఒక విడతే, ఆ తరువాత మళ్లీ సముద్రం తప్పదు. సంబంధం మాట్లాడేటప్పుడు అవతలివారికి కూడా ఈ మాట ముందే తెలియాలి. "అబ్బాయి ఇక నేల మీదే" అని చెప్పి పిల్లను తెచ్చుకోవడం ఆ అమ్మాయికి చేసే అన్యాయం.

వచ్చే బదిలీకి మీ కోరికలు రాయమన్నప్పుడు ఇవే రాయండి: మొదట ప్రస్తుత సముద్ర విడతను పూర్తి చేయడం, రెండోది ఎం.టెక్., ఆ తరువాత త్రివిధ దళాల అంతరిక్ష విభాగం. ఆ కాగితం ఇచ్చే ముందు మీ కమాండింగ్ ఆఫీసరును కలిసి పది నిమిషాలు మాట్లాడండి. మీ గోప్య నివేదిక రాసేది ఆయనే కనుక, ఈ ఆసక్తి ఆయనకు మీ నోటి ద్వారానే తెలియడం మేలు.